కంప్యూటరు తనంతట తా నాగిపోవుట: కారణపరీక్షయు, మితవ్యయముతో బాగుచేయుటయు

గత 2025వ సంవత్సరము జూలై మాసమున మా పాఠశాల కార్యాలయములోని కంప్యూటరు పని నడుమ తనంతట తా నాగిపోవ నారంభించెను. అవి విద్యార్థుల చేరికల దినములు, బదిలీ పత్రముల దినములు. రేవులో కూలిపని చేయు నొక తండ్రి కుటుంబమును శ్రీకాకుళమునకు మార్చుకొనుచు, కుమార్తె బదిలీ పత్రమునకై వచ్చి, ఒకపూట కూలి పోగొట్టుకొని మా వసారాలో బల్లపై కూర్చుండి యుండెను. పత్రమును ముద్రింప నాజ్ఞ యిచ్చినంతనే తెర నల్లబడెను. మరల వెలిగించితిమి, మరల నల్లబడెను. మూడవమాఱు కూడ నట్లే జరుగగా చేతితో వ్రాసియిచ్చి యాయనను పంపితిమి.

మఱునాడు వచ్చిన మరమ్మతుదారు డొకడు పెట్టె మూత యైనను తీయకయే, "మదర్‌బోర్డు పోయిందండీ మాస్టారూ, కొత్తది కొనుక్కోవడమే" అని చెప్పి, క్రొత్తదానికి ముప్పదివేల రూపాయలకు తక్కువ కాదనెను. ఆ యేడు కంప్యూటర్ల నిమిత్తము తల్లిదండ్రుల సంఘమువారు మా చేతికిచ్చిన సొమ్ము 6,000 రూపాయలు. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినవారమే గాని యంత్రవిద్య నేర్చినవారము కాము. అయినను తరగతిలో విద్యుత్తును గూర్చి బోధించువారము గనుక, రోగమును పరీక్షింపక రోగికి మరణము విధించుట మాకు సమ్మతము కాలేదు.

కంప్యూటరు పెట్టెలో వెనుకవైపున చిన్న విసనకఱ్ఱ గల యినుప డబ్బా యొకటి యుండును. దీనిని మన అంగళ్లలో ఎస్.యం.పి.యస్. అందురు. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు దిశ మార్చుకొనుచు ప్రవహించునది. ఈ డబ్బా దానిని మొదట నేకదిశ ప్రవాహముగా జేయును; అప్పుడది యించుమించు 325 వోల్టులగును. తరువాత దానిని క్షణమునకు వేలకొలది మాఱులు తెంపి కలుపుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ నడిపి, 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు అను మూడు వరుసలుగా దించును. ఈ వరుసలు నూటికి 5 వంతులకంటె హెచ్చుతగ్గులు కారాదు. అనగా 12 వోల్టుల వరుస 11.4కు దిగరాదు, 12.6కు మించరాదు.

విద్యార్థులారా, మేఘాద్రిగెడ్డ నీరు మన వీథికి వచ్చు సమయమును తలచుకొనుడు. తెల్లవారకమునుపు మీ యింటి కుళాయి ఒక్కటే విప్పిన ధార నిండుగా వచ్చును. ఆఱుగంటలకు వీథిలోని కుళాయిలన్నియు విప్పినపుడు ధార సన్నగిలును. జబ్బుపడిన ఎస్.యం.పి.యస్. స్వభావ మిట్టిదే. యంత్రము ఊరక యున్నంతసేపు వోల్టులు సరిగానే యుండును. ప్రొసెసరునకు పని హెచ్చినపుడు దిగిపోవును. పత్రము ముద్రించునపుడే తెర నల్లబడుట మా కిచ్చిన మొదటి సూచన యిదే.

అయినను అనుమానము ఋజువు కాదు. ముందుగా ఖర్చులేని పరీక్షలు చేసితిమి. అదే గోడ సాకెట్టునకు బల్లదీపమును తగిలించి చూచితిమి. దీపము నిలుకడగా వెలిగెను. యూ.పి.యస్.ను తప్పించి నేరుగా గోడకు కలిపితిమి. త్రాడు మార్చితిమి. ర్యామును తీసి తుడిచి మరల గ్రుచ్చితిమి. గుణము కానరాలేదు. ఈ సందర్భమున తేదీ 2017కు పోవుచున్నదని మా గుమాస్తాగారు చెప్పిరి. అది వేఱు జబ్బు. మదర్‌బోర్డుపై రూపాయిబిళ్లవంటి 3 వోల్టుల ఘటము కలదు. అది క్షీణించిన గడియారము నిలువదు. తేదీ తప్పిన వెబ్‌సైటులు కూడ తెఱచుకొనవు. ఒక యంత్రమున రెండు రోగములుండుట కలదు, ఒకదాని లక్షణమును మఱియొకదానికి అంటగట్టరాదు.

పిమ్మట ఎస్.యం.పి.యస్. తీగలను మదర్‌బోర్డునుండి యూడదీసి, పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో చిన్న ఇనుప క్లిప్పుచే గలిపితిమి. విసనకఱ్ఱ తిరిగెను. చాలమంది యీ పరీక్షతోనే డబ్బా మంచిదని తీర్పు చెప్పుదురు. అది పొరపాటు. విసనకఱ్ఱ తిరిగిన డబ్బా బ్రదికియున్నదని మాత్రమే తెలియును. బరువు మోయగలదా యన్నది తెలియదు.

కావున తీగలను యథాస్థానమున తగిలించి, వాడుకలో లేని డిస్కు కనెక్టరునందు పసుపు తీగకును నల్ల తీగకును మల్టీమీటరు కొనలు ఆనించితిమి. ఊరక యున్నపుడు 12.1 వోల్టులు. పాఠముల వీడియోను నడిపి, దానితోపాటు ముద్రణకు ఆజ్ఞ యిచ్చితిమి. అంకె 11.7 అయ్యెను, 11.3 అయ్యెను, అంతట తెర నల్లబడెను. ప్రక్కనున్న పదవతరగతి బాలురు పరీక్షాఫలితము విన్నవారివలె కేకవేసిరి. ప్రయోగశాలలోని మంచి యంత్రపు డబ్బాను తెచ్చి దీనికి తగిలింపగా దినమంతయు ఆగక పనిచేసెను. మదర్‌బోర్డు నిర్దోషి.

ఒక హెచ్చరిక. డబ్బా మూతను విద్యార్థులు తెఱవరాదు; మేమును తెఱవలేదు. గోడనుండి తీసిన తరువాత కూడ లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచి యుండవచ్చును. మేము గాలిరంధ్రములగుండ టార్చి వేసి మాత్రమే చూచితిమి. చిన్న కెపాసిటరులు రెండింటి తలలు పొంగిన బూరెలవలె నుండెను. వాటిలోని ద్రవము వేడిచే క్షీణించును. పది డిగ్రీల వేడి హెచ్చిన కొలది వాటి యాయుష్షు సగమగునని లెక్క. మన విశాఖపట్టణమున వేడికి తోడు ఉప్పుగాలి గలదు. 1933వ సంవత్సరమున తెఱవబడిన రేవునకు సమీపమున పాతపట్టణములో నున్న మా గదులలో నల్లని ధూళి కూడ చేరును. ఆ ధూళి విసనకఱ్ఱను కప్పి వేడిని బంధించును. చెమ్మ తగిలిన ఉప్పు తీగల కొనలను తినివేయును.

ఇక వ్యయము. పాత డబ్బాపై 450 వాట్లని పెద్ద యక్షరములతో నుండెను. చిన్న యక్షరములు చదువగా 12 వోల్టుల వరుసకు 14 ఆంపియర్లు మాత్రమే. 12ను 14చే గుణించిన 168 వాట్లు. నేటి యంత్రములలో బరువంతయు నీ వరుసపైననే పడును గనుక కొనువారు చూడవలసిన అంకె యిదియే. మా యంత్రమునకు ప్రొసెసరు 65, బోర్డు ర్యాములు 40, డిస్కు 10, విసనకఱ్ఱలు తదితరములు 15, వెరసి 130 వాట్లు వలయును. క్రొత్తగా కొన్నది 12 వోల్టులకు 30 ఆంపియర్లు, అనగా 360 వాట్లు ఇచ్చునది. దానిపై 80 ప్లస్ గుర్తు కలదు. 2004లో ప్రారంభమైన యీ గుర్తు, 20, 50, 100 వంతుల బరువులలో నూటికి కనీసము 80 వంతుల విద్యుత్తు వృథా కాక యంత్రమునకు చేరునని తెలుపును. ద్వారకానగరమున దీనికి 2,450 రూపాయలిచ్చితిమి. తొమ్మిదివందలకు వచ్చు డబ్బాలు కూడ చూపిరి. చేతబట్టగా ఖాళీ సబ్బుపెట్టెవలె తేలికగా నుండెను.

తరువాత 1,750 రూపాయలకు 256 జి.బి. ఎస్.యస్.డి. కొంటిమి. హఠాత్తుగా ఆగిపోవుచు వచ్చిన పాత హార్డుడిస్కును నమ్మరాదు గనుక, అందలి పత్రములను ముందే నకలు తీసితిమి. గడియారపు ఘటము 40 రూపాయలు. విద్యుత్ పనివానిని పిలిచి సాకెట్టు చూపింపగా మూడవ రంధ్రమునకు ఎర్తు తీగయే లేదని తేలెను! ఇన్నియేండ్లు యంత్రమును మార్చుటయే యోచించితిమి గాని గోడలోనికి తొంగిచూచినవారు లేరు. తీగయు కూలియు 650 రూపాయలు. ఆతడు ఎర్తు గుంటలో బొగ్గును ఉప్పును వేసి నీరు పోసెను. గాలిలో శత్రువైన ఉప్పు గుంటలో మిత్రుడగుట చూచి బాలురు నవ్విరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన నగరమును తాకిన పిమ్మట కొన్నిదినములు విద్యుత్తు లేకుండుట పెద్దల కెఱుకయే. అట్టివేళ త్రాడును గోడనుండి యూడదీసి, విద్యుత్తు వచ్చి నిలుకడ యైన తరువాతనే తగిలించుట మేలు.

మొత్తము 4,890 రూపాయలు. మిగిలినవి 1,110. దీనితో ర్యామును రెట్టింపవలె ననుకొంటిమి గాని చాలలేదు. 2025 తుది మాసములలో ర్యాము ధరలు మిక్కిలి హెచ్చుటచే నిప్పుడు మఱింత దూరమైనది. విండోస్ 10కు ఆ సంవత్సరము అక్టోబరు 14తో సాధారణ రక్షణసవరణలు ముగిసెను. విండోస్ 11 మా ప్రొసెసరును అంగీకరింపదు. కావున దసరా సెలవులలో ఉబుంటు నెక్కించితిమి. మా గుమాస్తాగారు వారముదినములు విసుగుకొనిరి. ఇప్పుడు బదిలీ పత్రములను తెలుగులోనే టైపుచేయుచున్నారు. మిగిలిన సొమ్మును సంఘమువారి లెక్కలో జమకట్టి రసీదు తీసికొంటిమి.