ఏటికొప్పాక బొమ్మకు ఇంటర్నెట్‌లో సొంత కొట్టు

కట్టడం సులువే, తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందన్నదే అసలు సంగతి

వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాక లక్కబొమ్మ 2025 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద ఊరేగింది. ఆ ఏడు గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. రాష్ట్రాల శకటాలలో దానికి మూడో స్థానం దక్కింది. అంతకు ముందే, 2017లో, ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడుకర్రను లేత్ మిషను మీద తిప్పుతూ, పసుపు, జాఫ్రా, నీలి వంటి వాటినుంచి తీసిన రంగులు కలిపిన లక్కను దానికి పట్టించే పని ఇక్కడివారికి తరతరాలుగా వస్తున్నది.

పేరు దేశమంతా పాకింది. బాగానే వుంది. అయితే ఆ శకటాన్ని టీవీలో చూసి ముచ్చటపడిన హైదరాబాదు ఇల్లాలో, అమెరికాలోని మనవరాలికి బొమ్మ పంపాలనుకున్న తాతగారో ఫోనులో వెతికితే ఎక్కడికి చేరతారు? బొమ్మ చేసేవారి వాకిట్లోకా, మధ్యలోనున్న మరొకరి దుకాణంలోకా? పనివారికి ఇందులో మిగిలేదీ పోయేదీ ఈ ప్రశ్న మీదనే ఆధారపడి వుంది.

సంతలో చోటు వేరు, సొంత కొట్టు వేరు

వాట్సప్‌లో బొమ్మ ఫోటో పెడితే పొద్దున పెట్టింది సాయంత్రానికి కిందికి పోతుంది. పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలలో సరుకు పెట్టవచ్చు. కాని అక్కడ కమీషను ఇచ్చుకోవాలి. కొన్నవారు ఎవరో, మళ్లీ కొంటారో లేదో తెలుసుకునే వీలు తక్కువ. అది సంతలో చోటు వంటిది. సంత నడిపేవారు చెప్పిన చోట కూర్చోవాలి, లేవమంటే లేవాలి. సంతకు పోవద్దని ఎవరూ అనరు. సంతతోపాటు ఊళ్లో సొంత కొట్టు కూడా వుంటే తెలిసినవారు నేరుగా అక్కడికే వస్తారు. ఇంటర్నెట్‌లో అటువంటి సొంత కొట్టే వెబ్‌సైట్.

వెబ్‌సైట్ అనగానే కంప్యూటర్ చదివినవారి పని అనీ, లక్షలు పోయాలనీ చాలామంది వెనుకాడతారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. టిమ్ బెర్నర్స్ లీ 1989లో వెబ్‌కు రూపం ఇచ్చిన తర్వాత తొలి ఏళ్లలో ప్రతి పేజీనీ కంప్యూటర్ భాషలో చేతితో రాయవలసి వచ్చేది. బొంగరం ధర పది రూపాయలు పెరిగితే, ఆ ధర ఎన్ని పేజీలలో వుంటే అన్నిచోట్లా వెతికి దిద్దాలి. దిద్దడానికి ప్రతిసారీ పట్నంనుంచి తెలిసినవాణ్ణి పిలవాలి. అతను వచ్చేలోపల పండగ వెళ్లిపోయేది.

ఆ చిక్కు విడదీయడానికి పుట్టినవే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు. తెలుగులో విషయ నిర్వహణ వ్యవస్థలు అనవచ్చు. బెల్జియం యువకుడు డ్రీస్ బైటార్ట్ రాసిన ద్రుపాల్ 2001లో బయటకు వచ్చింది. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి 2003లో వర్డ్‌ప్రెస్ విడుదల చేశారు. 2005లో జూమ్లా వచ్చింది. ఈ మూడింటినీ డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు, అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వర్డ్‌ప్రెస్ మీదనే నడుస్తున్నాయి.

బొమ్మకో చీటీ

ఈ వ్యవస్థలో కిటుకు ఒక్కటే. సరుకు వివరం ఒకచోట, పైకి కనిపించే అలంకారం మరొకచోట వుంటాయి.

కొట్లో ప్రతి బొమ్మకూ ఒక చీటీ రాసి పెట్టెలో దాచినట్టు అనుకుందాం. చీటీ మీద బొమ్మ పేరు, ఎత్తు, వాడిన రంగులు, ధర, ఎన్ని నిల్వ వున్నాయి, చేసిన వారి పేరు వుంటాయి. ఒక ఫోటో కూడా అంటించి వుంటుంది. ఎవరైనా ఫోనులో వెబ్‌సైట్ తెరవగానే వ్యవస్థ ఆ చీటీలు తీసి, అందంగా పేర్చి చూపిస్తుంది. "పసుపు రంగువి చూపించు" అంటే పసుపువే తీస్తుంది. రెండు వందల రూపాయలలోపువి అడిగితే అవే తీస్తుంది. చీటీ మీద రూ. 120ని రూ. 140గా ఒక్కసారి దిద్దితే చాలు. ఆ బొమ్మ కనిపించే ప్రతిచోటా కొత్త ధరే వస్తుంది.

పైకి కనిపించే అలంకారాన్ని థీమ్ అంటారు. సంక్రాంతికి కొట్టుకు సున్నం వేసి తోరణం కట్టినంత మాత్రాన లోపలి సరుకు మారదు. థీమ్ మార్చినా అంతే, చీటీలు చెక్కుచెదరవు.

మామూలు వెబ్‌సైట్‌కూ, కావలసినట్టు కట్టించుకున్న వెబ్‌సైట్‌కూ తేడా ఇక్కడే వస్తుంది. వర్డ్‌ప్రెస్ మొదట దినచర్యలూ వ్యాసాలూ రాసుకోవడానికి పుట్టింది. అందులో వ్యాసానికి గడులు వుంటాయి గాని బొమ్మ ఎత్తుకూ రంగుకూ గడులు వుండవు. కావలసిన గడులతో మన సొంత చీటీని తయారుచేసుకునే సౌకర్యం 2010లో వచ్చిన మూడో వెర్షన్‌తో అందరికీ సులువైంది. బొమ్మలవారికి ఒక రకం చీటీ, మామిడితోట రైతుకు మరొక రకం, ఊరి గ్రంథాలయానికి ఇంకొక రకం అవసరం. అందుచేత కట్టించేముందు రంగులూ హంగులూ చూడటం కంటే, పనివారు నలుగురూ కూర్చుని ఒక కాగితం మీద ఆ గడులు రాసుకోవడం మేలు. కొనేవారు ఏమేమి అడుగుతారో వారికి తెలిసినంతగా పట్నం మేస్త్రీకి తెలియదు.

అమ్మకానికి కావలసిన బుట్ట, డబ్బు కట్టే ఏర్పాటు, తపాలా ఖర్చు లెక్క వంటివాటిని ప్లగిన్లు అనే అదనపు సామానుతో చేర్చుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌కు ఇటువంటివి ఉచితంగానే 50 వేలకు పైగా దొరుకుతాయి. దొరికాయి గదా అని అన్నీ తెచ్చి పెట్టుకుంటే ఇల్లు ఇరుకౌతుంది, పేజీ తెరుచుకోవడం ఆలస్యమౌతుంది. అవసరమైన నాలుగైదు చాలు.

అచ్చు కరపత్రం పనికిరాదు

కొందరు ఇదివరకు అచ్చువేయించిన కరపత్రాన్నే ఫోటో తీసి వెబ్‌సైట్‌లో పెడతారు. కంటికి అక్షరాలు కనిపిస్తాయి గాని, వెతికే యంత్రానికి ఫోటోలోని అక్షరాలు అంత నమ్మకంగా అందవు. అచ్చుపనికి వాడే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన మాటలనూ అది తెలుగుగా గుర్తించలేదు. మాటలను యూనికోడ్ తెలుగులో కొట్టాలి. ఫోనులో మనం రోజూ కొట్టే తెలుగు యూనికోడే గనుక దీనికి కొత్తగా నేర్చుకోవలసినది లేదు. బొమ్మ వివరాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తే ఇక్కడివారికీ దూరదేశపు వారికీ దొరుకుతుంది.

ఫోనుతో తీసిన ఫోటోలు చాలా బరువుగా వుంటాయి. వాటిని చిన్నవిగా చేసి ఎక్కించాలి. లేకపోతే సిగ్నల్ సరిగా అందని ఊళ్లో చూసేవారు విసుగెత్తి వెళ్లిపోతారు.

పట్టా ఎవరి పేరున వుంది?

ఇంతవరకు కట్టడం గురించి. చాలామంది దెబ్బతినేది దీని తర్వాతనే.

వెబ్‌సైట్‌కు మూడు కావాలి. మొదటిది డొమైన్, అంటే కొట్టు చిరునామా. ఏటేటా రుసుము కట్టి దాన్ని నిలుపుకోవాలి. మామూలు పేరుకు అది పెద్ద మొత్తమేమీ కాదు. రెండవది హోస్టింగ్, అంటే కొట్టు నిలబడే స్థలానికి అద్దె. మూడవది వ్యవస్థలోకి వెళ్లే పాస్‌వర్డ్, అంటే తాళంచెవి.

కట్టి ఇచ్చేవారు చాలాసార్లు ఈ మూడింటినీ తమ పేరుననే తీసుకుంటారు. మోసం చేయాలని కాదు, అప్పటికి అదే సులువని. రెండేళ్ల తర్వాత అతను వేరే ఊరు వెళ్లిపోతాడు, ఫోను నంబరు మారుస్తాడు. రుసుము కట్టమని వచ్చిన కబురు అతనికి పోతుంది. గడువు దాటిన పేరును మరొకరు కొనుక్కుంటే, మన కరపత్రాలమీద, సంచులమీద అచ్చువేయించిన చిరునామా పరాయి కొట్టుకు దారి చూపిస్తుంది. ఇల్లు మనం కట్టించుకుని పట్టా మేస్త్రీ పేరున రాయించినట్టే.

కాబట్టి డొమైన్, హోస్టింగ్ రెండూ పనివారి సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో, సంఘం ఫోను నంబరుతోనే తీసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో అందరికీ ఒకే అధికారం ఇవ్వనక్కరలేదు. అన్నిటినీ మార్చగల నిర్వాహకుడి అధికారం సంఘం పెద్దల దగ్గర వుంచుకుని, ఫోటోలు ఎక్కించే కుర్రవారికి సంపాదకుడి అధికారం ఇస్తే సరిపోతుంది. కట్టిన మేస్త్రీకి పని అయిన తర్వాత ఇచ్చిన తాళం తిరిగి తీసుకోవచ్చు.

కొట్టుకు కాపలా కూడా అవసరమే. వర్డ్‌ప్రెస్‌కూ, థీమ్‌కూ, ప్లగిన్లకూ కొత్త వెర్షన్లు వస్తూ వుంటాయి. వాటిని ఎక్కించకుండా వదిలేస్తే దొంగలు ఆ కన్నాలలోనుంచే దూరతారు. వారానికొకసారి మొత్తం నకలు తీసి, వెబ్‌సైట్ వున్నచోట గాక మరొకచోట దాచుకోవాలి. కొట్టు కాలినా చిట్టా పుస్తకం ఇంట్లో వుంటే వ్యాపారం మళ్లీ నిలబడుతుంది.

బయానా ఇచ్చేముందు

వెబ్‌సైట్ కట్టించుకోదలచినవారు బయానా చేతిలో పెట్టేముందు నాలుగు మాటలు అడిగి కాగితం మీద రాయించుకోవాలి. పేరు, స్థలం ఎవరి పేరున తీసుకుంటారు? ధర మార్చడం, ఫోటో ఎక్కించడం మాకు నేర్పి వెళతారా? ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత? నకలు ఎక్కడ వుంటుంది, దాన్ని మాకు ఎట్లా ఇస్తారు? సూటిగా జవాబు చెప్పినవారికే పని ఇవ్వడం మంచిది.

నేర్పే రోజున సంఘంలోనుంచి ఒక్కరు కాదు, ఇద్దరు కూర్చోవాలి. ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా రెండోవారు వుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు బొమ్మ చేసే మనిషే అయితే మరీ మేలు. ఏ బొమ్మకు ఎంత కర్ర పట్టిందో, ఏ రంగు ఎండడానికి ఎన్నాళ్లయిందో కొనేవారికి చెప్పగలిగేది ఆ చేతులే.