పైకి చెప్పే మాట

“అమ్మా, ఆస్టెన్సిబుల్ అంటే ఏంది?”

పప్పులో తాలింపు పెడుతున్నాను. ఆవాలు చిటపటమంటున్నాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. డిగ్రీ చదివినదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని, తెలీదంటే ఏం బాగుంటుంది? “ఆర్భాటంగా ఉండటం” అని చెప్పేశాను. అది వెళ్ళి డిక్షనరీ తెరిచింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, “తప్పు చెప్పావమ్మా. నువ్వు చెప్పింది ఆస్టెంటేషియస్” అంది.

రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. ‘చూపించడం’ అని అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టాయి. ఒకటేమో ఉన్నదాన్ని పదిమందికీ కనబడేలా చూపించుకునే దర్పం. రెండోది పైకి ఒకటి చూపించి అసలుదాన్ని వెనకాల పెట్టుకోవడం. ఆస్టెన్సిబుల్ రీజన్ అంటే పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరే ఉందనో, ఉండొచ్చనో ఆ మాటలోనే సూచన ఉంటుంది.

ఇంగ్లీషు పాఠం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ వారంలోనే అది మా ఇంట్లోకి నడిచొచ్చి కూర్చుంది.

జాతకాలు కలవలేదట!

మా ఆడపడుచు కూతురికి సంబంధం చూస్తున్నారు. పిల్ల డిగ్రీ పాసయింది, చక్కని కుట్టుపని వచ్చు, మాట నెమ్మది. కోస్తా వైపు నుంచి అబ్బాయి వాళ్ళు వచ్చారు. జాతకాలు ముందే చూపించుకుని, బాగా కలిశాయని చెప్పిన తర్వాతే వచ్చారు. కాఫీ తాగారు, నవ్వుతూ మాట్లాడారు. వాళ్ళమ్మగారు అడిగిన ఏదో మాటకి మా పిల్ల నవ్వింది. నవ్వి, అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడోరోజు ఫోనొచ్చింది. “ఇంకో సిద్ధాంతిగారికి చూపించామండీ, జాతకాలు కలవలేదంటున్నారు.”

మా ఆడపడుచు ఫోను పెట్టేసి, “జాతకం కాదు వదినా, పళ్ళు” అంది. ఇంకేమీ అనలేదు.

మా వెలిగండ్ల సంగతి తెలిసినవాళ్ళకి వివరంగా చెప్పక్కర్లేదు. కనిగిరి, పామూరు, హనుమంతునిపాడు, ఇటు మేము... ఈ చుట్టుపక్కల భూమిలోంచి వచ్చే నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మించిన నీళ్ళు తాగుతూ పెరిగిన పిల్లల పళ్ళ మీద తెల్లని మచ్చలు, పసుపూ గోధుమరంగు గీతలూ పడతాయి. ఎన్ని పేస్టులు మార్చినా, బొగ్గుపొడీ ఉప్పూ వేసి ఎంత రుద్దినా పోవు. ఎందుకంటే అది పైన అంటుకున్న మరక కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడిన గుర్తు.

మా అత్తయ్యగారి నడుము పట్టేసి, మెడ తిప్పలేక బాధపడుతుంటే చాలా ఏళ్ళు “వయసు మీద పడింది కదా” అనే అనుకున్నాం. ఒకసారి ఒంగోలులో చూపిస్తే, డాక్టరుగారు నొప్పి ఎక్కడని అడగకముందే “మీదే ఊరమ్మా?” అని అడిగారు. ఊరి పేరు వినగానే తల పంకించి ఎక్స్‌రే రాశారు. వయసనేది మేం చెప్పుకున్న కారణం. నీళ్ళు అసలు కారణం.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివారు మన దేశంలో మనుషుల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి మొదటగా రాసింది ఈ ప్రాంతాన్ని చూసే. అప్పట్లో మేము నెల్లూరు జిల్లా, మద్రాసు రాజధాని. 1970లో కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మనుషుల కంటే ముందు రైతులు ఎద్దుల్లో గమనించారట. కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోయేవట. ఎద్దులు ఏ సాకూ చెప్పలేవు కదా! వాటి దగ్గర అసలు కారణమే ఉంటుంది.

మన మాటల్లో దీన్నేమంటాం?

మా అమ్మాయి అడిగిన మాటకి తెలుగులో సరిజోడు ఏదా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను. సాకు, నెపం, వంక, మిష... మనకి తక్కువేం లేవు. ‘ఆడలేనమ్మ మద్దెల ఓడంది’ అనే సామెత ఉండనే ఉంది. కానీ సాకు అన్నామంటే ఎదుటివాళ్ళని తప్పు పట్టేసినట్టే. ఆస్టెన్సిబుల్ అంత దురుసు మాట కాదు. “నువ్వు అబద్ధమాడావు” అనదు. “నువ్వు పైకి చెప్పింది ఇది, నేను విన్నాను. లోపలిది ఇంకా వినలేదు” అంటుంది. అపారెంట్ అనే మాటకీ దీనికీ తేడా ఇక్కడే. మబ్బు పట్టి వానొచ్చేలా కనబడితే అది అపారెంట్. మబ్బుకి మనల్ని నమ్మించాలని ఏముంది? ఆస్టెన్సిబుల్‌లో మాత్రం సాధారణంగా చూపించే మనిషి ఒకరుంటారు. అందుకే ఎవరైనా మనసులో ఉన్నదే చెప్పారని నమ్మినప్పుడు ఈ మాట వాడకూడదు. వాడితే వాళ్ళని అనుమానించినట్టే.

వాడుకలో దీనికి దగ్గరగా వచ్చేది మన ‘పేరుతో’. “మందుల పేరుతో టౌనుకెళ్ళి సినిమా చూసొచ్చాడు” అంటాం చూడండి, అదీ. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే ‘పైకి మాత్రం’. “పైకి మాత్రం జాతకాలన్నారు.”

ఈ మాట కారణాలకే కాదు, మనుషులకూ తగులుకుంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్‌లో ‘ఆస్టెన్సిబుల్ ఓనర్’ అని ఉంటుంది. అసలు హక్కుదారు ఒప్పుకోలు మీద, పైకి యజమానిగా కనబడే మనిషి అన్నమాట. అలాంటివారి దగ్గర, తగిన వాకబు చేసుకుని, మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్నవారికి ఆ సెక్షన్ రక్షణ ఇస్తుంది. మనలో ఎంతమందిమి పాసుపుస్తకంలో పేరు మాత్రమే ఉన్న ఆస్టెన్సిబుల్ ఓనర్లమో ఒక్కసారి లెక్కేసుకోండి! 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చి, పంచాయతీల్లో మూడోవంతు తక్కువ కాకుండా ఆడవాళ్ళకి ఇవ్వాలన్నాక కూడా, కుర్చీలో పేరు ఆమెది, పెత్తనం ఆయనది అయిన ఊళ్ళు మీకూ తెలిసే ఉంటాయి.

కోడిపందెమేనా కారణం?

మా అమ్మాయికి బాగా గుర్తుండాలని పల్నాటి కథ చెప్పాను. పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందంటే చిన్నపిల్లలు కూడా కోడిపందెం వల్ల అంటారు. నాయకురాలు నాగమ్మ కోడి గెలిచింది, బ్రహ్మనాయుడి కోడి ఓడింది, ఆ పందెం మాట ప్రకారం మలిదేవుడి వాళ్ళు మాచర్ల వదిలి వలస పోయారు. మన త్రిపురాంతకం దగ్గరున్న మేడపిలో తలదాచుకున్నారని చెబుతారు. గడువు తీరాక రాజ్యం తిరిగివ్వకపోతే కారంపూడిలో యుద్ధం.

రెండు కోళ్ళు కొట్టుకుంటే అంతమంది వీరులు చచ్చిపోతారా? నలగామరాజు, మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలు, వేరువేరు తల్లులు. రాజ్యం పంపకం అప్పటికే రగులుతోంది. దానికి తోడు బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడు. చాపకూడు అన్నది అదే. అది గిట్టనివాళ్ళు ఎందరో. కోడి పైకి కనబడిన కారణం. దాని వెనకాల ఉన్నవి సింహాసనం, చాప.

“మరి కోడి సంగతి అబద్ధమా?” అంది మా అమ్మాయి.

“అబద్ధం కాదే. కోడితోనే ఆగిపోతే అసలుది కనబడదు, అంతే.”

నా వంతు వచ్చింది

ఇంత చక్కగా పాఠం చెప్పానా, రెండురోజులు తిరక్కుండా అదే పాఠం నాకు అప్పజెప్పింది.

ఇంటర్ అవగానే ఒంగోలులో నర్సింగ్ చదువుతానంటోంది. నాయనమ్మ నడుం చూసి చూసి పుట్టిన కోరిక అది. హాస్టల్లో ఉండాలి. వాళ్ళ నాన్న “మీ అమ్మ ఎట్లంటే అట్ల” అని పక్కకి తప్పుకున్నారు. నేను మాత్రం, “వద్దులే, అక్కడి తిండీ నీళ్ళూ నీకు పడవు” అన్నాను.

అది నావైపు ఒక్క క్షణం చూసింది. “వెలిగండ్లలో పుట్టినదానికి ఒంగోలు నీళ్ళు పడవా? అమ్మా, అది ఆస్టెన్సిబుల్ రీజన్ కదా?”

మంచం మీదున్న మా అత్తయ్యకి ఆ ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు గానీ భావం అందింది. “అదేందో గానీ నా మనవరాలు కరెక్టుగానే అడిగింది. చెప్పు అమ్మాయ్, నీకేం భయం?” అంది.

నాకు కోపమొచ్చింది. ఆ రాత్రి గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి. ‘అత్త మీద కోపం దుత్త మీద’ అంటే కూడా ఇదే కదా అనిపించి, కడుగుతున్న గిన్నె అక్కడే పెట్టేసి కూర్చున్నాను. నిజంగా నాకేం భయం?

మొదటిది ఫీజు. ఆ సంవత్సరం కంది చేతికి రాలేదు. ఉన్నది తాకట్టు పెట్టాలి. రెండోది, పెళ్ళీడు పిల్లని బయట ఊళ్ళో ఉంచారని నలుగురూ అంటారని. మూడోది నాలో నేను ఒప్పుకోవడానికే సిగ్గుపడ్డాను. అది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్ళు ఉండరు.

మర్నాడు పొద్దున మూడూ చెప్పేశాను. వింతేమిటంటే, ‘నీళ్ళు పడవు’ అన్నంతసేపూ మా మధ్య వాదనే తప్ప దారి లేదు. అసలువి బయటపడగానే ఒక్కోదానికీ ఏదో ఒకటి ఆలోచించగలిగాం. ఫీజు రాయితీల సంగతి కాలేజీలో కనుక్కుందామంది. హాస్టల్ నువ్వే వచ్చి చూడు, వార్డెన్‌తో నువ్వే మాట్లాడు అంది. నలుగురి మాటకి మా అత్తయ్య, “ఆ నలుగురూ నా నడుం మోశారా?” అంది. మూడోదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే.

చెప్పని జబ్బుకి మందేది?

నాకప్పుడు అబ్బాయి వాళ్ళ ఫోను గుర్తొచ్చింది. వాళ్ళని తిట్టుకోవడం అన్యాయమేమో. “మీ పిల్ల పళ్ళు బాగాలేవు” అని మొహం మీద అనలేక, మర్యాద కోసం జాతకాలన్నారు. ఆడపిల్ల మనసు నొప్పించకూడదనే అనుకుని ఉంటారు. పైకి చెప్పే కారణాల్లో సగం ఇలాంటి దయలోంచే పుడతాయి. కానీ ఆ దయ మాకు తలుపు మూసేసింది. జాతకానికి మేమేం సమాధానం చెప్పగలం?

పళ్ళని ఉంటే చెప్పేవాళ్ళం. ఇది అంటువ్యాధి కాదు. పళ్ళ మీద మచ్చలు తల్లి నుంచి బిడ్డకి వారసత్వంగా రావు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు లోపల తయారయ్యే రోజుల్లో తాగిన నీళ్ళ వల్ల వస్తుంది. మంచి నీళ్ళున్న ఊరికి కోడలిగా వెళితే, ఆమె బిడ్డలు ఆ నీళ్ళు తాగి పెరిగితే, వాళ్ళ పళ్ళు మామూలుగానే ఉంటాయి. మచ్చలు కనబడకుండా పళ్ళ డాక్టర్లు చేసే వైద్యాలూ ఉన్నాయి.

ఇదే సందర్భంలో మా వైపు అక్కచెల్లెళ్ళకో మాట. నీళ్ళు కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో అది మరికాస్త చిక్కబడుతుంది. పటికా సున్నమూ సరైన పాళ్ళలో కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ పద్ధతి అని పేరు. అది కొలత తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని, అందాజుగా వేసేది కాదు. శుద్ధి చేసిన నీళ్ళు కొనుక్కునే ఇళ్ళలో క్యాన్ నీళ్ళు తాగడానికే ఉంచి, అన్నం పప్పూ బోరు నీళ్ళతో వండేస్తుంటాం. వంటకీ ఆ నీళ్ళే వాడాలి. ఇంట్లో పసిపిల్లలుంటే మరీను.

మొన్న మా ఆడపడుచు కూతురికి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి ఫోటో పంపించేటప్పుడే పిల్ల, “నవ్వుతున్న ఫోటో పంపండి అత్తయ్యా” అంది నాతో. పంపించాం. మాది ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతమని, పళ్ళ మీద ఆ మచ్చలున్నాయని, అవి ఎందుకొస్తాయో కూడా నేనే ఫోనులో చెప్పాను. చివర్లో, “మీరు సరేనన్నా వద్దన్నా మాకు పర్వాలేదండీ. వద్దనుకుంటే మాత్రం అసలు కారణమే చెప్పండి” అన్నాను.

అవతల కాసేపు మాటల్లేవు. తర్వాత ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు, “మీరింత విప్పి చెప్పారు కాబట్టి మేమూ ఒకటి చెప్పాలండీ. మావాడికి చిన్నప్పటి నుంచీ ఒక చెవి సరిగా వినపడదు” అన్నారు.

వచ్చే ఆదివారం వస్తామన్నారు.