తలపు నుండి తలుపు వరకు

మా సోదరీమణులలో ననేకులకు మనస్సులో దాచుకొన్న కోరిక యొకటి కలదు. ఒకరికి నడుమ విడిచిన చదువు పూర్తిచేయవలెనని, ఒకరికి సంగీతమునందు పరీక్ష నిచ్చి పదిమందికి నేర్పవలెనని, మఱియొకరికి తమ చేతిపనితో నాలుగు రూపాయలు సంపాదింపవలెనని యుండును. వంటయింటి పని ముగిసి, పిల్లలు నిద్రించిన పిదప ఆ కోరిక వచ్చి ప్రక్కను కూర్చుండును. తెల్లవారగనే పాలవాని కేకతో లేచిపోవును. ఏల ప్రారంభింపలేదని యడిగినచో దాదాపందఱును చెప్పు జవాబొక్కటియే: "మా కంత ధైర్యము లేదు."

ధైర్యమనునది కొందఱకు పుట్టుకతో నబ్బు సొత్తనియు, అది లేనివారు కోరికల జోలికి పోరాదనియు మనలో నొక తలంపు పాతుకొనియున్నది. అది సరికాదని మా యభిప్రాయము. ఊరక మాట చెప్పి లాభము లేదు గనుక, మన తెలుగింటి యాడుబడు చొకరి చరిత్రమును కొంత వివరముగ చెప్పదలచితిమి. ఆమె అయ్యలసోమయాజుల లలితగారు. మన దేశమున ఇంజనీరు పట్టమును పొందిన మొదటి స్త్రీలలో నొకరు.

లలితగారు 1919 వ సంవత్సరము ఆగష్టు 27 వ తేదీన మదరాసులో జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛక్తి శాఖయం దాచార్యులు. ఏడుగురు సంతానములో ఆమె యైదవవారు. ఆ యింట మగపిల్లలు ఇంజనీర్లయిరి. ఆడపిల్లలకు కొంత చదువు చెప్పించి పెండ్లిండ్లు చేసిరి. పండితుల యిల్లైనను నాటి యాచార మది. లలితగారికిని 1934 లో, పదునైదవ యేట, వివాహమయ్యెను. పెండ్లియైన పిదపను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదువనిచ్చుటయే యప్పటికి విశేషము. 1937 సెప్టెంబరులో కుమార్తె పుట్టెను. ఆ బిడ్డకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త మరణించిరి. తల్లికి పదునెనిమిదేండ్లు.

అట్టి బాలవితంతువునకు ఆ దినములలో లోక మేమి నిర్ణయించియుండెనో వివరింప నక్కఱలేదు. పెరటి వసారాలో చోటు, ఒంటిపూట భోజనము, శుభకార్యములయందు ఎదురుపడకుండ తప్పుకొనుట. పెద్దల నోట ఇట్టి యత్తల కథలను విననివారు మనలో నరుదు. ఎవరును కఠినముగ మాటాడకపోయినను, "పాపము" అను నొక్క మాటయే తలుపు మూయుటకు చాలును.

లలితగారు చదువవలెనని నిశ్చయించుకొనిరి. ఏమి చదువవలెను? ఇక్కడ పాఠకురాండ్రు కొంచెము నిలిచి చూడవలెనని మా కోరిక. అప్పటికి స్త్రీలకు కొంత తెఱచియున్న దారి వైద్యము. కాని వైద్యురాలు అర్ధరాత్రమున పిలుపు వచ్చినను లేచి పోవలెను. ఒడిలోని పసిబిడ్డను విడిచి వేళగాని వేళల తిరుగుట కామె యిష్టపడలేదు. ఇంజనీరు పనికైనచో ఉదయమున పోయి సాయంకాలమునకు రావచ్చును. అదిగాక అది తండ్రియు, సోదరులును నెఱిగిన విద్య. పుట్టినది మొదలు ఇంట వినుచున్న మాటలే. కనుక ఇంజనీరు చదువు! లోకమునకు పెద్ద సాహసముగ తోచిన పని ఆమెకు సంసారపు లెక్కగా తోచెను. దేశములో మొదటిదాన నగుదునను ఉబలాట మందెక్కడను కనబడదు. బిడ్డ, జీతము, పని గంటలు - ఈ మూడింటిని కూడి చూచుకొనగా తేలిన మార్గమది. ఇట్లు లెక్క కుదిరిన పిమ్మట వెఱపు సగము తగ్గునని మేము నమ్ముచున్నాము.

క్వీన్ మేరీ కళాశాలలో ఇంటర్మీడియెటు ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులై, 1940 లో గిండీ కళాశాలలో ప్రవేశమునకు దరఖాస్తు పెట్టిరి. అచ్చట అంతకు ముందు స్త్రీ చదివినది లేదు. తండ్రిగారు ప్రిన్సిపాలు కె.సి. చాకోగారితో మాటాడిరి, విద్యాశాఖాధికారి ఆర్.ఎం. స్టాథంగారి యనుమతియు లభించెను. వందలకొలది బాలురనడుమ ఒక్క స్త్రీ. తోటి విద్యార్థులు మర్యాదగనే వర్తించిరట. ఆమెను బాధించినది హేళన గాదు, ఒంటరితనము. దానికిని తండ్రిగారే యుపాయము చూచిరి. స్త్రీలను చేర్చుకొందుమని పత్రికలలో ప్రకటింపుడని కళాశాలవారిని ప్రోత్సహించిరి. అంతట మలయాళ దేశమునుండి పి.కె. త్రేస్యగారును, లీలమ్మ జార్జిగారును సివిల్ ఇంజనీరింగు చదువుటకు వచ్చి చేరిరి. వారు ఆమెకంటె తరువాత చేరినవారే యైనను, యుద్ధకాలమున చదువు గడువు తగ్గించుటచే మువ్వురును ఒకేసారి ముగించిరి. 1943 లో లలితగారి పట్టము సిద్ధమయ్యెను. ఆ పత్రముమీద ఆంగ్లమున పురుషవాచకమే యచ్చువేసియుండగా, దానిని కొట్టివేసి స్త్రీవాచకమును చేతితో వ్రాయవలసి వచ్చెను!

ఇది యంతయు చదివి కొందఱు, "ఆచార్యుడైన తండ్రి యుండెను గనుక సాగినది, మా కెవరున్నారు?" అందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. సుబ్బారావుగారు పూనుకొననిచో ఆ తలుపు తెఱచుకొనియుండదు. కాని ఆ తండ్రియే పదునైదేండ్లకు కూతురి పెండ్లి చేసినవాడని మఱువరాదు. ఆచారమునకు లోబడినవాడే దానిని సడలించుటకును తోడ్పడెను. మన యిండ్లలోను అట్టివారు లేరని యేల తలపవలెను? భర్తయో, అత్తగారో, చదువుకొన్న మఱిదియో - నోరు తెఱచి చెప్పని కోరికను వారెట్లు గ్రహింతురు? వట్టి కోరికగా చెప్పక, రుసు మింత యగును, దినమున కిన్ని గంటలు పోవును, ఆ వేళ పిల్లవానిని ఫలానావారు చూతురు అని లెక్కతో చెప్పినచో వినువారి ముఖమే మాఱును.

బిడ్డ యెవరివద్ద పెరిగెనని తల్లులు మమ్మడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. జమాల్పూరు రైల్వే కర్మాగారమున నొక యేడు పని నేర్చుకొని, లలితగారు 1944 లో సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ సంస్థలో నుద్యోగమున చేరిరి. పిదప కొంతకాలము తండ్రిగారి పరిశోధనలలో, పొగలేని పొయ్యి మొదలగువానిలో, పాల్గొనిరి. ఆ పని వారికి ప్రియమే, కాని దానితో నిల్లు గడవదు. 1948 లో దానిని విడిచి, కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను కంపెనీలో చేరిరి. ఆ యూరనే సోదరుని కుటుంబముండెను; బిడ్డకు ఇంచుమించు సమవయస్కుడైన మేనమామ కొడుకు గలడు. వదినగారి చేతులలో ఇరువురును కలిసి పెరిగిరి. కలకత్తాను ఎన్నుకొనుటకు అదియు నొక కారణము. ఇట్టి వదినగార్లను గూర్చి వ్రాయువారు తక్కువ. మా దృష్టిలో ఆ పట్టమునం దామెకును పాలు కలదు.

అచ్చట లలితగారు విద్యుచ్ఛక్తిని దూరమునకు కొనిపోవు తీగల మార్గములను, ఉపకేంద్రముల యమరికను రూపొందించిరి. భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన పనిలోను వారి చేయి కలదు. లండనులోని విద్యుదింజనీర్ల సంస్థ వారిని 1953 లో అసోసియేటు సభ్యురాలిగను, 1966 లో పూర్ణ సభ్యురాలిగను గ్రహించెను. 1964 లో న్యూయార్కున జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు ఆహ్వానము రాగా చీరకట్టుతోనే పోయి వచ్చిరి. 1977 లో నుద్యోగము విరమించి, 1979 అక్టోబరు 12 న మరణించిరి.

గిండీలో వారికి తోడుగ వచ్చిన త్రేస్యగారు 1971 లో కేరళ ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖకు ముఖ్య ఇంజనీరైరి.