సభకు బోయి మనమేమి తెచ్చుకొనవలెను?

సభ యనగా పూలదండలు, ఉపన్యాసములు, వందన సమర్పణము మాత్రమేయని మనలో పెక్కుమంది తలంపు. వంట ముగించి, పిల్లల నత్తగారి కప్పగించి వెళ్లిన యిల్లాలు వట్టిచేతులతో మరలినచో నాపూట నష్టమే గదా!

స్త్రీసమావేశములు మనకు క్రొత్తవి గావు. 1902వ సంవత్సరముననే భండారు అచ్చమాంబగారును, ఓరుగంటి సుందరీరత్నమాంబగారును మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. 1982లో డ్వాక్రా పథకము మొదలయ్యెను. 1992లో నాబార్డు పొదుపు సంఘములకు బ్యాంకులతో సంబంధము గల్పించెను. నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నిట్టి సంఘము లనేకము గలవు.

వానివలన లాభము పొందు మార్గ మెట్టిది? బయలుదేరుటకు ముందే రెండు సంగతులు నిశ్చయించుకొనుడు: నాకేమి కావలెను? నేనేమి యీయగలను? తెనాలిలో పచ్చళ్లు పెట్టు నామెకు దుగ్గిరాల పసుపు నేరుగా కొనుమార్గము కావలెను. బాపట్లలో చీరలమ్ము నామెకు చీరాల నేతవారి పరిచయము కావలెను. రేపల్లె యామె నిజాంపట్నపు ఎండుచేపల నమ్ముకొనుటకు బేరము వెదకుచుండును. "నేనేదో చిన్న వ్యాపారము చేయుదును" అన్నచో వినువారికేమి తెలియును? సరకేమి, వారమున కెంత, వెల యెంత యని స్పష్టముగా జెప్పవలెను. అప్పుడే యెదుటి యామెకు మీకు పనికివచ్చువారు జ్ఞప్తికి వత్తురు.

పదిమందిని పలుకరించుటకంటె నిద్దరితో నిదానముగా మాటాడుట మేలు. వారి పేరు, పని చీటిపై వ్రాసికొని, మూడుదినములలోపల కబురంపవలెను. మొదట మీరొక యుపకారము చేసినచో స్నేహము నిలుచును.

ఒక్క హెచ్చరిక. తొలిపరిచయముననే డబ్బు చేబదులీయకుడు. సంఘపు అప్పునకు సభ్యులందరు బాధ్యులు. కావున తీర్మానపుస్తకమును చదువక సంతకము చేయరాదు. క్రమముగా సమావేశము, పొదుపు, అంతర్గత అప్పు, సకాలమున చెల్లింపు, సరియైన లెక్కలు—ఈ యైదింటిని సంఘములవారు పంచసూత్రములందురు. లెక్క యడుగుట అవమానము గాదు. అడుగనిచో మన కష్టార్జితమునకు రక్ష లేదు.

ఈమారు సభకు బోవునపుడు ముందువరుసలో చోటు దొరకునా యని గాక, ఎవరితో పని గలదో యెరిగి పొండు.