ఒకే పరికరం, నాలుగు రాతలు

నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌ను గుర్తుపట్టే మ్యాక్ అడ్రస్ 02:15:05:34:58:07 అనుకుందాం. లినక్స్ దాన్ని ఇలాగే కోలన్లతో చూపిస్తుంది. విండోస్ కోలన్ల బదులు అడ్డగీతలు పెడుతుంది. సిస్కో స్విచ్‌లో అదే 0215.0534.5807గా కనిపిస్తుంది. యాపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో ఈ అడ్రస్‌లుండే ఏఆర్పీ పట్టిక చూస్తే 2:15:5:34:58:7. ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. ఇవన్నీ ఒకటేనని మనకు కాస్త ఆగితే తడుతుంది. అక్షరానికి అక్షరం పోల్చే సాఫ్ట్‌వేర్‌కు తట్టదు. స్టాకు రిజిస్టర్లో ఒక కంప్యూటర్ నాలుగైపోతుంది.

అందుకే పోల్చే ముందు అన్ని రాతలనూ ఒకే పద్ధతిలోకి తెస్తారు. దీన్నే నార్మలైజేషన్ అంటారు. చాలామంది ప్రోగ్రామర్లు మొదట చేసే పని గుర్తులన్నీ తీసిపారేసి, ఇంగ్లిష్ అక్షరాలన్నీ చిన్నవి చేయడం. పై నాలుగో రాతకు ఈ వైద్యం చేసి చూడండి: 215534587. పన్నెండు అంకెలు ఉండాల్సిన చోట తొమ్మిదే మిగిలాయి, సున్నాలు ఎక్కడ పోయాయో ఇక చెప్పలేం. ముందు కోలన్ల దగ్గర విడగొట్టి, ప్రతి ముక్కకూ రెండంకెలు వచ్చేలా సున్నా చేర్చి, ఆ తర్వాతే కలపాలి.

పేర్లతో ప్రమాదం ఇంకా ఎక్కువ. ల్యాబ్-1-12 అంటే మొదటి ల్యాబులో పన్నెండో కంప్యూటర్. ల్యాబ్-11-2 అంటే పదకొండో ల్యాబులో రెండోది. అడ్డగీతలు తీసేస్తే రెండూ ల్యాబ్112. పేర్లు కలవకపోతే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, తప్పు బయటపడుతుంది. కలవకూడనివి కలిస్తే చప్పుడుండదు. ఒకదానికి పంపాల్సిన అప్‌డేట్ ఇంకోదానికి పోతుంది, పోయిన కంప్యూటర్ లెక్కలో భద్రంగా ఉంటుంది. అతిగా శుభ్రం చేయడం కంటే అసలు చేయకపోవడమే నయమని నేనంటాను.

ఎంతవరకు చేయాలో ఆ పేరు పుట్టిన వ్యవస్థే చెబుతుంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ డీఎన్ఎస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదని 1987 నాటి ప్రమాణాలే చెప్పాయి. అక్కడ చిన్నవి చేయడం క్షేమం. లినక్స్ ఫైళ్ల పేర్లలో ఆ తేడా లెక్కలోకి వస్తుంది, అక్కడ ముట్టుకోకూడదు. విండోస్ పాత నెట్‌బయోస్ పద్ధతి పేరును పదిహేను అక్షరాల దగ్గర కోసేస్తుంది. చివర్లో 1, 2 అని మాత్రమే తేడా ఉన్న పొడుగు పేర్లు అక్కడ ఒకటే అవుతాయి.

ఇక ఫోనుకో ప్రింటరుకో తెలుగులో పేరు పెట్టుకుంటే మన లిపి చిక్కులు మనకున్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెరమీద ‘సైన్స్‌ల్యాబ్’ ఒకలాగే కనిపిస్తుంది, లోపల మాత్రం వేరు. ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ పద్ధతి ఈ రెంటినీ ఒకటి చేస్తుంది. కానీ అదే పేరులో పొల్లు తర్వాత, కింద వత్తు పడకుండా పెట్టే కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను అది తీసేయదు. పోలిక కోసం దాన్ని మనమే తీసేయాలి. తీసేస్తే పేరు ‘సైన్స్ల్యాబ్’ అవుతుంది, చూడ్డానికి బాగోదు. కాబట్టి యజమాని పెట్టిన పేరును అలాగే ఉంచి తెరమీద చూపించాలి. శుభ్రం చేసిన రూపాన్ని వేరే గడిలో దాచి, పోలికకు మాత్రమే వాడాలి.

కొన్నిటికి ఏ సూత్రమూ పనికిరాదు. యాపిల్ లోపలి సంకేతాల్లో ఐఫోన్10,3, ఐఫోన్10,6 రెండూ మనం కొనే ఐఫోన్ ఎక్స్‌లే. ఆ సంగతి పట్టికలో రాసుకుంటే తప్ప తెలియదు. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు అడ్రస్ ఇవ్వడం మానేశాయి. యజమాని సెట్టింగు మార్చకపోతే ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రస్ చెబుతాయి. రెండో స్థానంలో 2, 6, ఏ, ఈ లలో ఏదో ఒకటి ఉంటే అది కంపెనీ ఇచ్చిన అడ్రస్ కాదని గుర్తు. మొదట్లో నేను రాసిందీ ఆ కోవదే. ఇంట్లో ఒక అడ్రస్, ఆఫీసులో ఇంకో అడ్రస్ చెప్పే ఫోనును ఏ నార్మలైజేషనూ జతచేయలేదు. ఆఫీసు ఫోన్ల లెక్క మీ చేతిలో ఉంటే, రిజిస్టర్లో వైఫై అడ్రస్ బదులు సీరియల్ నంబర్ రాయించండి.