ఇంటిపట్టున పూలను ఆరబెట్టుట

భాద్రపద, ఆశ్వయుజ మాసములు వచ్చునప్పటికి వికారాబాదు, తాండూరు ప్రాంతములలో చేలనిండ గునుగు విరియును. గట్ల వెంట తంగేడు పసుపు వన్నెతో పూచును. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన బతుకమ్మకు ఈ పూలే అలంకారము. పండుగ కాగానే మిగిలినవి వాడి నేలరాలుచున్నవి. వీనిని ఆరబెట్టి శుభాకాంక్షల కార్డులు, గోడ పటములు, పుస్తకములలో పెట్టుకొను గురుతు చీటీలు చేయవచ్చును. ఇందుకు యంత్రములు అక్కరలేదు, శ్రద్ధ కావలెను.

పూవును చెరచునది దానిలోని తేమయే. తేమ నిలిచినచో బూజు పట్టును. ఎండ సోకినచో రంగు వెలియును. కావున తేమను త్వరగా, నీడపట్టుననే తీసివేయవలెను. వృక్షశాస్త్రజ్ఞులు అనుసరించు పద్ధతియు ఇట్టిదే. 1890లో ఏర్పడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ వారు లక్షలాది మొక్కల నమూనాలను ఇట్లే అదిమి, ఎండించి హౌరాలో భద్రపరచినారు.

పలుచని పూలను అదుమవలెను. వాన లేని దినమున, మంచు ఆరిన పిదప కోసి, పాత వార్తాపత్రికల మడతలలో ఒకదానికొకటి తగులకుండ పరచవలెను. పైన, క్రింద చెక్కపలకలుంచి బరువు పెట్టవలెను. చదునైన తాండూరు నాపరాయి ముక్క ఇందుకు చక్కగా పనికివచ్చును. మొదటి నాలుగు దినములు ప్రతిదినము కాగితములు మార్చవలెను. తడి కాగితము ఒక్కటి మరచినను కట్ట యంతయు చెడును. రెండు వారములలో పూవులు పెళుసుబారును. తంగేడు రేకులు, శంఖుపుష్పము, చింతాకు ఇందుకు తగినవి. బంతి దళసరి గనుక రేకులు విడదీయవలెను. మల్లె, మందారము రంగు మారును. వానిని విడిచిపెట్టుట మేలు. ఎండిన పూలను పలుచని బంకతో అట్టపై అతికించి, అద్దము బిగించి పటము కట్టవచ్చును.

గునుగు, బొగడబంతి సహజముగనే కాగితమువంటివి. కాడలను గుప్పెడేసి కట్టి, గాలియాడు చీకటి గదిలో రెండు మూడు వారములు తలక్రిందులుగా వ్రేలాడదీసిన చాలును.

ఇక పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునవి మూడు. మొదటిది, వానలలోను పొడిగా నుండు గది నొకదానిని మహిళా సంఘమునకు చూపవలెను. రెండవది, మూసీ పుట్టిన అనంతగిరి అడవిలో అటవీశాఖ అనుమతి లేనిదే పూవు కోయరాదని చాటవలెను. చేలలోని గునుగు ఎంతైనను కలదు. అది రైతునకు కలుపు. విత్తు రాలకముందే కోసినచో మరుసటి యేట కలుపు బెడద కొంత తగ్గును. మూడవది, ఇది పెద్ద ఆదాయమని ఎవరికిని ఆశ చూపరాదు. పొలముపని తీరిన వేళ చేయు ఉపవృత్తి మాత్రమే యిది. ముందు ఒక్క సంఘముచే కొద్దిగా చేయించి, అనంతగిరికి వచ్చు యాత్రికులకు చూపవలెను. అవి అమ్ముడుపోయిన పిదపనే పని పెంచవలెను.

బతుకమ్మ రాకముందే ఈ విషయమును గ్రామసభలో చర్చించినచో, ఈ యేటి పూలు వృథా కాకుండును.