ప్రెసిడెంటుగారి ఇంటి వంటమనిషి ఎడిత్

అమెరికాలో అబ్బాయో అమ్మాయో ఉన్నవాళ్ల ఇంట్లో, అక్కణ్ణుంచి తిరిగొచ్చినప్పుడు మిగిలిన చిల్లర ఏదో ఒక డబ్బాలో పడి ఉంటుంది. అందులో 5 సెంట్ల బిళ్ల దొరికితే తిప్పి చూడండి. చాలావాటి మీద గోపురం, ముందు స్తంభాలు ఉన్న ఒక ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇంటి పేరు మాంటిచెల్లో. వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ ఊరి దగ్గర కొండమీద ఉంది. బిళ్లకి రెండోవైపు బొమ్మలో ఉన్నాయనే ఆ ఇంటి యజమాని థామస్ జెఫర్సన్. అమెరికాకి మూడో ప్రెసిడెంటు. మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాసిన పెద్దమనిషి.

ఆ పెద్దమనిషి కింద ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలుగా బతికారు.

ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు పుస్తకాల గది, వింత గడియారం, తోటలు చూసి మెచ్చుకుని వస్తారు. మనం మాత్రం వంటింట్లోంచి వెళ్దాం. ఏ ఇంటి సంగతైనా వంటింట్లోంచి చూస్తేనే గదా తెలిసేది!

ముందు ఉర్సులా గురించి చెప్పాలి. జెఫర్సన్ భార్య మార్తా ముచ్చటపడిందని 1773లో వేలంలో కొన్న మనిషి ఈమె. వంట, మాంసం ఊరబెట్టడం, బట్టలుతకడం అన్నీ ఆమె మీదే. మార్తాకి పాలు చాలక పెద్దకూతురు చిక్కిపోతుంటే, ఉర్సులా తన పాలిచ్చాక ఆ పిల్ల తేరుకుందని జెఫర్సనే రాసిపెట్టాడు. ఉర్సులా కొడుకు ఐజాక్ ముసలివాడయ్యాక, 1847లో, తన జ్ఞాపకాలు చెబితే ఒకాయన రాసుకున్నాడు. అమ్మగారు వంటల పుస్తకం చేత్తో పట్టుకుని వంటింట్లోకొచ్చి, కేకులూ అవీ ఎలా చెయ్యాలో చదివి వినిపిస్తుంటే, మా అమ్మ చేసేది అన్నాడు ఐజాక్. మరి అయ్యగారో? గడియారానికి కీ ఇవ్వడానికి తప్ప వంటింట్లో అడుగుపెట్టేవాడు కాదట! ఈ విషయంలో ఏ దేశపు మగవాళ్లయినా ఒకటేననిపించింది నాకు.

మార్తా 1782లోనే పోయింది. రెండేళ్లకి జెఫర్సన్‌కి ఫ్రాన్సులో ఉద్యోగం పడింది. వెళ్తూ వెళ్తూ జేమ్స్ హెమింగ్స్ అనే 19 ఏళ్ల కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్లాడు, ఫ్రెంచి వంట నేర్పిద్దామని. ఈ జేమ్స్ ఎవరనుకున్నారు? మార్తా తండ్రికి బానిస స్త్రీ వల్ల పుట్టిన కొడుకు. అంటే మార్తాకి తమ్ముడు, తల్లులు వేరు గానీ తండ్రి ఒకడే. మన వరసల్లో చెప్పాలంటే జెఫర్సన్‌కి సాక్షాత్తూ బావమరిది! మామగారు పోయాక ఆస్తి పంపకాల్లో ఆ తల్లీపిల్లలు జెఫర్సన్ వంతుకొచ్చారు, గొడ్డూ గోదా వచ్చినట్టు. జేమ్స్ చెల్లెలు శాలీని కూడా 14 ఏళ్ల వయసులో పారిస్ పంపించారు. తరవాత ఆమె పిల్లలకి తండ్రి జెఫర్సనేనని ఇప్పుడు చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకుంటున్నారు. 1998లో జరిగిన డీఎన్ఏ పరీక్ష కూడా ఆ మాటకే బలమిచ్చింది. ఆ కథ వేరే రాయాల్సినంత ఉంది, ఇక్కడ వద్దు.

జేమ్స్ పారిస్‌లో పెద్ద పెద్ద వంటవాళ్ల దగ్గర పని నేర్చాడు. తన జీతం డబ్బుల్లోంచి ఫ్రెంచి భాషకి మాస్టారుని పెట్టుకున్నాడు. కోరితే ఫ్రెంచి కోర్టులో స్వేచ్ఛ దొరికే అవకాశం ఉండేది. అయినా 1789లో అందరితో పాటు తిరిగొచ్చాడు. తల్లి, తోబుట్టువులు అక్కడే ఉన్నారు మరి. 1793లో జెఫర్సన్ ఒక కాగితం రాశాడు: నీ విద్యంతా ఇంకొకరికి నేర్పు, అప్పుడు నిన్ను వదిలేస్తాను అని. జేమ్స్ తన తమ్ముడు పీటర్‌కే నేర్పాడు. 1796 ఫిబ్రవరిలో స్వేచ్ఛ వచ్చింది. తను బయటపడాలంటే ఆ పొయ్యి దగ్గర సొంత తమ్ముణ్ణి నిలబెట్టి రావాలి! ఏ అన్నకీ రాకూడని పరిస్థితి.

వెళ్లేముందు వంటింటి సామానంతా లెక్కపెట్టి తన చేత్తో జాబితా రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. 1801లో జెఫర్సన్ ప్రెసిడెంటయ్యాక వంటకి రమ్మని కబురు మీద కబురు పంపించాడు. అయ్యగారే స్వయంగా రాసి పిలవాలన్నాడు జేమ్స్. ఆ ఉత్తరం రాలేదు, ఇతనూ వెళ్లలేదు. అదే ఏడు బాల్టిమోర్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. 36 ఏళ్లు.

అతని వంటల్లో మంచు గుడ్లు అనే తీపి వంటకం ఆ ఇంటి మనవరాళ్ల పుస్తకాల్లో అతని పేరుతోనే మిగిలింది. గుడ్డు తినేవాళ్లు చేసుకోవచ్చు, కష్టమేం కాదు. తెల్లసొన వేరుచేసి నురగొచ్చేలా బాగా గిలక్కొట్టి, పంచదార కలిపి, కాగుతున్న తియ్యటి పాలల్లో గరిటెడు గరిటెడు చొప్పున వేసి ఉడికించి తీస్తారు. మిగిలిన పాలల్లో పచ్చసొన కలిపి సన్నసెగ మీద చిక్కబరిచి దానిమీద పోస్తారు. సెగ ఎక్కువైతే పాలు విరిగినట్టు ముక్కలైపోతుంది, అదొక్కటే జాగ్రత్త.

ఇక ఎడిత్. ఈమె గురించే నేను రాయాలనుకున్నది.

జేమ్స్ రానన్నాక, జెఫర్సన్ వాషింగ్టన్‌లో హోనోరే జూలియన్ అనే ఫ్రెంచి వంటవాణ్ణి పెట్టుకున్నాడు. అతని దగ్గర పని నేర్చుకోడానికి 1802లో మాంటిచెల్లో నుంచి ఎడిత్‌ని పంపించారు. వయసు 15 ఏళ్లు. ఆ తరవాత ఫానీ అనే ఇంకో అమ్మాయినీ పంపారు. అప్పటికే ఎడిత్‌కి జోసెఫ్ ఫాసెట్‌తో మనువు కుదిరింది. అతను మాంటిచెల్లోలో కమ్మరి పని చేసేవాడు. జెఫర్సన్ వేసవి సెలవలకి ఇంటికొచ్చేవాడు గానీ ఈ ఆడపిల్లల్ని వాషింగ్టన్‌లోనే వదిలేసి వచ్చేవాడు. జీతం లేదు, నెలకి 2 డాలర్లు చేతిఖర్చుకి. మనం వైట్‌హౌస్ అంటున్న ఆ భవనంలోనే ఎడిత్‌కి పిల్లలు పుట్టారు. 1806 జులైలో జోసెఫ్ ఉండబట్టలేక ఎవరికీ చెప్పకుండా భార్యని చూడ్డానికి వాషింగ్టన్ పోయాడు. పారిపోయాడని జెఫర్సన్ వెనకాల మనిషిని పంపించి పట్టించాడు. ఆ భవనం నుంచి బయటకొస్తుంటే పట్టుకుని జైల్లో వేశారు. భార్యని చూడబోవడం నేరం!

1809లో జెఫర్సన్ పదవి అయిపోయి ఇంటికొచ్చాక ఎడిత్ మాంటిచెల్లోలో పెద్ద వంటమనిషైంది. అప్పటికి కొత్త వంటిల్లు తయారైంది. ఇటికలతో కట్టిన పొడుగాటి అరుగు, దానిమీద 8 పొయ్యి కన్నాలు, ఒక్కోదాంట్లో ఇనప జల్లెడ మీద బొగ్గులు. మన బొగ్గుల కుంపట్లు ఎనిమిది వరసగా పేర్చి అరుగు కట్టినట్టు ఊహించుకోండి. ఒకదాని మీద పాలు కాగాలి, ఒకదాని మీద మాంసం ఉడకాలి, ఇంకోదాని మీద సాసు చిక్కబడాలి. తిప్పడానికి గ్యాసు నాబు లేదు. సెగ పెంచాలన్నా తగ్గించాలన్నా బొగ్గులు ఎగదోయడమో లాగడమో చెయ్యాలి. ఫ్రాన్సు నుంచి తెచ్చిన రాగి గిన్నెలు పదుల కొద్దీ. రాగి గిన్నెకి లోపల కళాయి పోతే పులుపు వండకూడదని మన నాయనమ్మలందరికీ తెలిసిందే, అక్కడా అంతే.

వంటిల్లు భోజనాల గదికి ఆనుకుని ఉండదు. నేల కింద పొడుగాటి నడవా, అది దాటి మెట్లెక్కి పైకి మొయ్యాలి. భోజనాల గదికి తిరుగుడు తలుపు ఒకటుంది. దాని వెనకవైపు అరలుంటాయి. పళ్లేలు అందులో పెట్టి తలుపు తిప్పితే వంటలు గదిలోకి వచ్చేస్తాయి, తెచ్చిన మనిషి బయటే ఉండిపోతుంది. మద్యం సీసాలు కింద నుంచి పైకి రావడానికి గోడలో తాళ్ల పెట్టెలు. ఆయన తెలివికి గుర్తుగా చూపిస్తారు ఇవన్నీ. నాకు మాత్రం ఆ తలుపు గురించి చదివినప్పుడు ఒకటే తోచింది: అన్నం కావాలి, వడ్డించే మొహం కనబడకూడదు.

1824లో డేనియల్ వెబ్‌స్టర్ అనే రాజకీయ నాయకుడు అక్కడ భోంచేసి, వంట సగం వర్జీనియా తరహా సగం ఫ్రెంచి తరహా అని, రుచిగా, సమృద్ధిగా ఉందని రాసుకున్నాడు. అది ఎడిత్ చేతి వంటే. ఐస్‌క్రీమ్ సంగతీ ఇంతే. జెఫర్సన్ స్వదస్తూరీతో ఐస్‌క్రీమ్ విధానం ఉంది: 2 సీసాల మీగడ, 6 పచ్చసొనలు, అర పౌను పంచదార. అమెరికాకి ఐస్‌క్రీమ్ తెచ్చింది ఆయనేనని చెప్పుకుంటారు గానీ అది నిజం కాదు, ఆయన పుట్టిన కొత్తల్లోనే అక్కడ దొరల ఇళ్లల్లో చేసుకునేవారు. చలికాలంలో నదిమీద గడ్డకట్టిన ఐసుని బళ్లమీద తోలుకొచ్చి నేలలో తవ్విన కొట్లో నిలవచేసింది, పాత్రని ఐసులో తిప్పీ తిప్పీ చేతులు కొంకర్లుపోయింది ఎవరికో వేరే చెప్పాలా?

మరి ఇంతమందికి వండిపెట్టినవాళ్లు ఏం తినేవారు? పెద్దవాళ్లకి వారానికి ఒక పెక్కు మొక్కజొన్న పిండి. పెక్కంటే సుమారు 9 లీటర్ల కొలత, మన 15 కిలోల నూనె డబ్బాలో సగం పైచిలుకు. దాంతో పాటు కాస్త పంది మాంసమో, ఊరబెట్టిన గొడ్డు మాంసమో, కొన్ని ఉప్పుచేపలు. అంతే. ఆకు, కూర, గుడ్డు ఏవీ లేవు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా దొర పని. ఆ తరవాత దీపాల వేళ, ఆదివారాలు తమ గుడిసెల పక్కన పాదులు పెట్టుకునేవారు, కోళ్లు పెంచుకునేవారు.

ఇక్కడొక తమాషా ఉంది. జెఫర్సన్ తోట 1000 అడుగుల పొడవు, అందులో 330 రకాల కూరగాయలు పండించి చూశాడు. ఆయన మాంసం తక్కువ, కూరగాయలే ఎక్కువ తినేవాడు కూడా. అంత తోటుండీ ఆ ఇంటికి గుడ్లు, కోళ్లు, దోసకాయలు, క్యాబేజీలు బానిసల దగ్గర కొనేవారు! మనవరాలు యాన్ 1805 నుంచి 1808 దాకా ఎవరి దగ్గర ఏం కొన్నదీ పద్దు రాసింది. తోటలో కాపు లేని రోజుల్లో, గుడిసెల్లో నేల కింద గుంటల్లో దాచిన దుంపలు వీళ్ల దగ్గరే దొరికేవి. ఆ నాలుగు డబ్బులూ వీళ్ల సొంతం. కుండో, గుడ్డో, పిల్లకి ఏ పూసలదండో. పాలమ్మి, గుడ్లమ్మి కొంగున నాలుగు రూపాయలు ముడేసుకున్న మన అమ్మమ్మలు గుర్తొచ్చారు నాకు. కాకపోతే వాళ్ల పిల్లలు వాళ్లకే ఉండేవారు.

వీళ్ల పిల్లలు అలా కాదు. తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా బానిసేనని వర్జీనియాలో 1662 నుంచి చట్టం. పదేళ్లలోపు పిల్లలు చంటివాళ్లని ఆడించాలి. పది నుంచి పదహారేళ్ల దాకా మగపిల్లలు మేకులు కొట్టాలి, ఆడపిల్లలు నూలు వడకాలి. ఆ తరవాత పొలం, లేదా ఏదో ఒక పని. రెండేళ్లకో బిడ్డని కనే ఆడది, పొలంలో బాగా పనిచేసే మగవాడికంటే లాభమని 1820లో జెఫర్సన్ ఒక ఉత్తరంలో రాశాడు. చదివి పుస్తకం మూసేశాను ఆరోజు.

వంటల దగ్గరకొస్తే, బెండకాయ, అలసందలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లతోనే ఆ దేశానికి చేరాయి. నువ్వులూ అంతే. నువ్వులు మొదట పండింది మన దేశపు నేలమీదే. మన దగ్గర్నుంచి ఆఫ్రికాకి, అక్కణ్ణుంచి బానిసల ఓడలతో అమెరికాకి పోయాయి. జెఫర్సన్ నువ్వుల నూనె రుచి చూసి, ఆలివ్ నూనెకి బదులు ఇదే చాలని ఎంతో ఉత్సాహపడి సాగు చేయించాడు. ఆయన వియ్యాలవారి ఆడపడుచు మేరీ రాండాల్ఫ్ 1824లో వేసిన వంటల పుస్తకంలో బెండకాయ పులుసు ఉంది. అన్నట్టు కూరపొడి కూడా ఉంది! పసుపు, ధనియాలు, జీలకర్ర, శొంఠి, జాజికాయ, జాపత్రి, మిరపపొడి, అన్నీ సమానంగా ఒక్కో ఔన్సు. ధనియాలెంతో జాజికాయంత! ఆ కూర తిన్నవాళ్లు కూర్చున్నచోటే నిద్రపోయి ఉంటారు.

జెఫర్సన్ 1826 జులై 4న పోయాడు, తన స్వాతంత్ర్య ప్రకటనకి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున. లక్ష డాలర్లకి పైగా అప్పు మిగిల్చాడు. వీలునామాలో అయిదుగురు మగవాళ్లకి స్వేచ్ఛ రాశాడు. అందులో కమ్మరి జోసెఫ్ ఒకడు. ఎడిత్ పేరు లేదు, పిల్లల పేర్లూ లేవు. పాతికేళ్ల పాటు మూడుపూటలా ఆయన నోటికి ఏది ఇష్టమో చూసి వండిపెట్టిన మనిషి! 1827 జనవరిలో కొండమీద వేలంపాట పెట్టారు. బానిసలు 130 మంది, గొడ్లు, కుర్చీలు, బల్లలు. ఎడిత్‌నీ ఇద్దరు చిన్నపిల్లల్నీ స్వేచ్ఛగా ఉన్న చుట్టం పాడుకుని నిలబెట్టాడు. మిగతా పిల్లలు తలో చోటికీ పోయారు. పదకొండేళ్ల పీటర్ ఇంకొకాయన చేతికి పోయాడు.

జోసెఫ్ కొలిమి దగ్గర రాత్రింబవళ్లు పనిచేసి, దొరికిన పిల్లల్ని దొరికినట్టు కొనుక్కుంటూ వచ్చాడు. తన భార్యనీ పిల్లల్నీ తనే డబ్బిచ్చి కొనుక్కోవడం! పీటర్ని మాత్రం కొన్నాయన ఎంతకీ వదల్లేదు. పుస్తకం పట్టుకుంటే కొరడాదెబ్బలేనన్నా ఆ పిల్లవాడు దొంగచాటుగా చదువుకున్నాడు, తోటివాళ్లకి నేర్పాడు. రెండుసార్లు పారిపోయి దొరికిపోయాడు. 1840 ప్రాంతాల్లో ఎడిత్, జోసెఫ్ ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటికి వెళ్లిపోయారు, ఆ బిడ్డని వదిలిపెట్టే. 1850లో పీటర్ని మళ్లీ వేలానికి పెడితే అయినవాళ్లూ స్నేహితులూ డబ్బు పోగుచేసి విడిపించారు. అప్పటికి అతనికి 35 ఏళ్లు. వేలం నాటికి తల్లికి వయసు 40 లోపే, కొడుకు చేతికందేసరికి 60 దాటింది. ఎడిత్ 1854లో పోయింది.

పీటర్ సిన్సినాటిలో పాస్టరయ్యాడు. బతుకుతెరువుకి పెళ్లిళ్లకీ విందులకీ వంటలు చేయించే వ్యాపారం పెట్టి మంచి పేరు తెచ్చుకున్నాడు. అమ్మ పనితనం ఊరికే పోతుందా? 1900లో, 85 ఏళ్ల వయసులో, పుట్టిన చోటు ఒక్కసారి చూడాలని మాంటిచెల్లోకి వెళ్లాడు. అప్పటి ఇంటివాళ్లు అతన్ని ముందు గుమ్మంలోంచే లోపలికి తీసుకెళ్లారు.

ఆ వంటింటిని ఇప్పుడు రాగి గిన్నెలతో సహా అప్పటిలాగే అమర్చి పెట్టారు. పక్కనే వంటమనిషి ఉండే గది. మీ పిల్లలు వర్జీనియా వైపు ఉంటే, ఎండాకాలం చివర్లో వెళ్లండి, తోటలో బెండకాయలు కాపుకొచ్చి ఉంటాయి. అందరూ పైన గడియారం దగ్గర గుమిగూడితే మీరు మాత్రం కిందికి దిగి, ఆ ఎనిమిది పొయ్యిల ముందు కాసేపు నిలబడి చూసి రండి.